నాయకత్వం దేవుని వరం

(పఠనాలు: సంఖ్యాకాండము 11:10-30, 27:12-23)



విచారణ సంఘానికి కొత్త పెద్దలను ఎన్నుకునే సమయం వచ్చినప్పుడు తరచు రెండు మాటలు వినబడుతుంటాయి. "ఈ స్థానం మా తాతల నాటి నుండి మా ఇంటిది" అనేది ఒకటి. "నాకెందుకండీ, చదువుకున్నవారిని చూసుకోండి" అనేది రెండవది. మొదటిది గర్వంగాను, రెండవది వినయంగాను తోచినా, రెండింటిలోని పొరపాటు ఒక్కటే. నాయకత్వం దేవుడిచ్చే వరమని ఇద్దరూ మరచిపోయారు. వరాన్ని సొంత ఆస్తిగా దాచుకోకూడదు, తీసుకోకుండా తిరస్కరించనూ కూడదు.

మోషే నేర్పే పాఠం

ఎడారిలో ప్రజల సణుగుడు భరించలేక, ఈ బరువు నేనొక్కడినే మోయలేనని మోషే దేవునితో మొరపెట్టుకున్నాడు. దేవుడు అతనిని కోప్పడలేదు. డెబ్బదిమంది పెద్దలను సమకూర్చమని చెప్పి, మోషే మీద ఉన్న ఆత్మలో పాలు వారికిచ్చాడు. దానివలన మోషేకు ఏమీ తగ్గలేదు. ఒక దీపంతో మరో దీపం వెలిగిస్తే మొదటి దీపం వెలుగు తగ్గుతుందా?

ఆ రోజున ఎల్దాదు, మేదాదు అనే ఇద్దరు గుడారం వద్దకు రాకుండా పాళెంలోనే ఉండిపోయారు. అయినా ఆత్మ వారిమీదికి కూడా వచ్చింది. వారు ప్రవచిస్తున్నారని విని, యువకుడైన యెహోషువ వారిని ఆపమన్నాడు. మోషే మాత్రం ప్రభువు ప్రజలందరూ ప్రవక్తలైతే ఎంత బాగుండునని కోరుకున్నాడు. ఇతరులలోని వరాన్ని చూసి అసూయపడనివాడే నిజమైన నాయకుడు.

తన మరణం సమీపించిందని తెలిసినప్పుడు, ప్రజలు కాపరిలేని గొర్రెలవలె కాకూడదని, వారికి ఒక నాయకుని నియమించమని మోషే ప్రార్థించాడు. ఆయనకు గెర్షోము, ఎలియెజెరు అనే ఇద్దరు కుమారులున్నారు. ఆ ప్రార్థనలో వారి పేర్లు ఆయన ఎత్తలేదు. దేవుడు చూపించిన యెహోషువ తలపై అందరి ఎదుట చేతులుంచాడు. ఇచ్చినది దేవుడు గనుక, తరువాత ఎవరికివ్వాలో కూడా దేవుడే నిర్ణయించాలి.

చుక్కాని పట్టినవాడు

పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖలో (12:28), స్వస్థత వరంతో పాటు పరిపాలనా వరాన్ని కూడా పేర్కొన్నారు. అక్కడ వాడిన గ్రీకు మాటకు ఓడ చుక్కాని పట్టి నడపడమని అర్థం. చుక్కాని పట్టినవాడు ఓడకు యజమాని కాడు. అందరినీ క్షేమంగా రేవు చేర్చడమే అతని పని. సేవ చేయించుకొనుటకు గాక సేవ చేయుటకు వచ్చిన క్రీస్తునాథుడు కడరాత్రి భోజన సమయంలో శిష్యుల పాదాలు కడిగి చూపింది కూడా ఇదే.

ఈ వరాలు గురువులకు, మఠవాసులకు మాత్రమే పరిమితం కావు. పవిత్రాత్మ అన్ని అంతస్తుల విశ్వాసులకు వరాలు పంచుతుందని, అవి నిజమైనవో కావో పరీక్షించవలసిన కాపరులు వాటిని ఆర్పివేయరాదని, 1964లో రెండవ వాటికన్ మహాసభ తిరుసభను గూర్చిన పత్రంలో బోధించింది. 2021 మే 10న ఫ్రాన్సిస్ పోపుగారు ఉపదేశుల సేవను, స్త్రీ పురుషులిరువురూ పొందగల పరిచర్యగా స్థాపించారు. గురువులు రాలేని ఆదివారాలలో పల్లె ప్రజలను ప్రార్థనకు కూర్చే ఉపదేశి సేవ ఎంత విలువైనదో దీనివలన గ్రహించవచ్చు.

కుటుంబంలో కలిసి ఆలోచించండి

1. మీకున్న బాధ్యతను మీ తరువాత ఎవరు మోయగలరు? వారికి మీరు ఇప్పుడు ఏమి నేర్పుతున్నారు?

2. మీ ఇంటిలో, మీ విచారణలో వరమున్నా ఎవరూ పిలవనందువలన వెనుక నిలబడిపోయినవారు ఎవరు? ఒక యువతియా? చదువురాని ఒక తల్లియా?

ఈ ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక అటువంటి ఒకరి వద్దకు వెళ్లి, "మీరు కూడా రండి" అని పిలవండి. ఆ పిలుపు ద్వారా దేవుడు తన వరాన్ని మేల్కొలుపును గాక!