“బాగానే ఉన్నాను” అనే మాట వెనుక

కుటుంబ పాఠము
చదువవలసిన భాగము: 2 సమూయేలు 19:31–39
పాఠము ఉద్దేశము: ఇంటి పెద్దలకు మునుపటికంటె ఎక్కువ సహాయము కావలసి వచ్చినదని వేళకు గుర్తించుట; ఆ సహాయమును వారి గౌరవము చెడకుండ అందించుట.



ఆదివారము సాయంకాలము కాగానే మా పొలసరలో ఇంటింటా ఫోనులు మ్రోగుతాయి. సూరతు నుండి, విశాఖపట్నము నుండి, హైదరాబాదు నుండి, భిలాయి నుండి బిడ్డలు మాట్లాడతారు. “అమ్మా, బాగున్నావా?” అని అడుగుతారు. “బాగానే ఉన్నాను నాయనా, నువ్వు వేళకు తింటున్నావా?” అని ఇక్కడినుండి జవాబు వెళ్తుంది. రెండు వైపులా మనసు కుదుటపడుతుంది. ఆ జవాబు తల్లి బిడ్డకిచ్చే దీవెన. దానినిబట్టి ఆమె స్థితి మనకు తెలియదు.

ఈ పాఠము వ్రాయుటకు కారణము నా సొంత పొరపాటు. మా పిన్ని, అనగా మా అమ్మకు చెల్లెలు, పొలసరలో ఒక్కతే ఉండేది. చిన్నాన్న పోయి పదేళ్లు దాటినది. ఒక్కగానొక్క కొడుకు సూరతులో మరమగ్గాల పనిలో ఉన్నాడు. నా ఇంటికి ఆమె ఇల్లు నాలుగు సందుల దూరము. నేను ఉపాధ్యాయ శిక్షణ పొంది, ముప్పై ఏళ్లకు పైగా బడిలో హాజరు వేసినవాడిని. ఒక పిల్లవాడు వరుసగా మూడు రోజులు రాకపోతే ఇంటికి వెళ్లి కనుక్కోవలెనని మాకు శిక్షణలో నేర్పారు. పిన్ని మూడు నెలలు స్త్రీల కూటమికి రాలేదు. మోకాళ్ల నొప్పులు కాబోలు అనుకొని ఊరకున్నాను.

మా వీధి కిరాణా కొట్టతను ఒకనాడు నన్ను ఆపి, “మాస్టారూ, మీ పిన్నిగారు ఈ మధ్య నాతో తెలుగులోనే మాట్లాడుతున్నారు. అర్థము కాలేదంటే కోప్పడుతున్నారు” అని చెప్పాడు. దాదాపు యాభై ఏళ్లు అదే బజారులో ఒడియాలో బేరమాడిన మనిషి ఆమె! నేను నవ్వి వచ్చేశాను. ఆరు వారాల తరువాత పిన్ని రాత్రివేళ పెరటి గడప దాటబోయి పడిపోయినది. తెల్లవారి పాలు పోసే అబ్బాయి వచ్చేవరకు అక్కడే ఉన్నది. తుంటి ఎముక విరిగినది. బరంపురములో ఆపరేషను అయినది.

ఇల్లు సర్దుతుండగా ఆమె మంచము క్రింది డబ్బాలో రక్తపోటు మాత్రల అట్టలు దొరికినవి. కొన్ని అసలు విప్పనివి, కొన్ని వారములోనే ఖాళీ అయినవి. సూరతు నుండి వచ్చిన తమ్ముడు వాటిని చేతిలో పట్టుకొని, “అన్నయ్యా, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా” అన్నాడు. నా వద్ద జవాబు లేదు.

1. బర్జిల్లయి మనకు నేర్పునది

బర్జిల్లయికి ఎనుబది ఏళ్లు. దావీదు రాజు మహనయీములో తలదాచుకొనియుండగా పరుపులు, పాత్రలు, ధాన్యము, తేనె తెచ్చి పోషించినవారిలో అతడొకడు. తరువాత రాజు అతనిని యెరూషలేమునకు రమ్మని, అక్కడ తానే పోషింతునని పిలిచాడు. అప్పుడు ఆ పెద్దాయన తన స్థితిని దాచుకొనలేదు. తిండి రుచి తెలియుట లేదని, పాటగాండ్ర స్వరము వినబడుట లేదని చెప్పాడు. రాజునకు భారము కావడము ఇష్టము లేదన్నాడు. నది దాటువరకు కొంచెము దూరము వస్తానని, తన ఊరిలోనే చనిపోనిమ్మని కోరాడు. తన బదులు కింహామును పంపాడు. రాజు బలవంతము చేయలేదు. అతని కోరిక ప్రకారమే చేసి, ముద్దుపెట్టుకొని సాగనంపాడు.

ఇందులో మూడు సంగతులు చూడండి. ఒకటి, వయసుతో ఏమి తగ్గినదో స్పష్టముగా మాటలలో చెప్పబడినది. రెండు, ఇంకా ఏమి చేయగలడో కూడ చెప్పబడినది; కొంచెము దూరము నడువగలడు. మూడు, ఎక్కడ ఉండవలెనో పెద్దాయననే నిర్ణయించుకొననిచ్చారు. మన ఇండ్లలో చాలమంది పెద్దలు బర్జిల్లయివలె నోరు విప్పి చెప్పరు. భారమవుతామని భయము. గనుక వారు చెప్పనిదానిని మనమే చూడవలెను.

2. ఎట్లు చూడవలెను?

బడిలో ఒక పిల్లవాని చదువును పక్క పిల్లవానితో పోల్చితే మోసపోతాము. వాని నిన్నటి పలకను, నేటి పలకను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. పెద్దల విషయములోను అంతే. “ఎనుబది ఏళ్లకు ఇది మామూలే” అనుకొనక, “నిరుడు ఈ నెలలో అమ్మ ఏమేమి చేసినది? ఇప్పుడు ఏది మానినది?” అని అడగవలెను. ఈ క్రింది గుర్తులు గమనించండి.

వంటయిల్లు: మాడిన గిన్నెలు, పాచిపోయిన కూరలు, పురుగుపట్టిన పప్పు. మూడు పూటలూ చద్దన్నము, పచ్చడితో సరిపెట్టుకొనుట. గాజులు మునుపటికంటె వదులై మోచేతి వైపు జారుట, రవిక వదులగుట. ఇవి బరువు తగ్గుటకు గుర్తులు. వృద్ధులు ప్రయత్నించకుండ బరువు తగ్గితే డాక్టరుకు చూపించవలెను.

మందులు: అడుగుటకంటె లెక్కపెట్టుట మేలు. రోజుకొకటి చొప్పున ముప్పై మాత్రలు ఒకటో తేదీన మొదలుపెడితే, ఇరవయ్యో తేదీ రాత్రికి పది మిగులవలెను. ఎక్కువ ఉన్నా, తక్కువ ఉన్నా సహాయము అవసరమే.

నడక: గోడ పట్టుకొని నడుచుట, కుర్చీలోనుండి రెండు మూడు ప్రయత్నాలకు గాని లేవలేకపోవుట, ఒంటిమీద కారణము చెప్పని కమిలిన మచ్చలు. ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటున్నది. కుర్చీలో కూర్చున్నవారిని లేచి పది అడుగులు, అనగా మూడు మీటర్లు, మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోమనండి. పక్కన మీరు నిలబడండి. దీనికి 12 సెకండ్లు లేక అంతకంటె ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదమున్నదని వైద్యులు భావిస్తారు.

డబ్బు: ఒకే బిల్లు రెండుసార్లు కట్టుట, పింఛను ఏమైనదో చెప్పలేకపోవుట, ఏటీఎం కార్డు రహస్య సంఖ్య అపరిచితులకు చెప్పుట.

కూటములకు రాకపోవుట: దీనిని విశ్వాసములో చల్లారిపోవుటగా వెంటనే తలంచకండి. మెట్లు ఎక్కలేకపోవచ్చు. వాక్యము వినబడకపోవచ్చు. చాలమంది వృద్ధ స్త్రీలకు మూత్రము ఆపుకొనలేని ఇబ్బంది ఉంటుంది. సిగ్గుచేత ఎవరికీ చెప్పరు, బయటికి రావడమే మానేస్తారు. దీనికి చికిత్స ఉన్నది. కోడలో, కూతురో మెల్లగా అడగవలెను.

భాష: 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రము కాకముందు గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. ఇక్కడి మనవారికి ఇంట తెలుగు, బజారులో ఒడియా అలవాటు. జ్ఞాపకశక్తి క్షీణించేటప్పుడు చాలమందిలో తరువాత నేర్చిన భాష ముందు జారిపోతుంది, తల్లిభాష నిలుస్తుంది. మీరున్నచోట అది గుజరాతీ కావచ్చు, హిందీ కావచ్చు. పిన్ని విషయములో కొట్టతను చూచినది ఇదే.

3. మతిమరపు అంతా ఒకటి కాదు

కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచిపోయి, వెదకి తీసుకొనుట వయసుతో వచ్చేదే. రోజూ నడిచే దారిలో ఇల్లు తెలియక నిలబడిపోవుట, పావుగంటలో అదే ప్రశ్న నాలుగుసార్లు అడుగుట, ఎప్పుడూ వండే పులుసు ఎట్లు పెట్టవలెనో తోచకపోవుట వేరు. 2023లో వెలువడిన అఖిల భారత అధ్యయనము ప్రకారము మన దేశములో 60 ఏళ్లు పైబడినవారిలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా, అనగా బుద్ధిశక్తి క్షీణించే జబ్బు, ఉన్నది. అది పిచ్చి కాదు, శాపము కాదు, మొండితనము కాదు. మెదడుకు వచ్చే జబ్బు.

అయితే మరచిపోయే ప్రతివారికీ ఆ జబ్బు ఉన్నదనుకొనరాదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము, మనోవ్యాకులత, కొన్ని మందులు కూడ మతిమరపు తెస్తాయి. ఇవి చికిత్సకు లొంగుతాయి. చెవుడును కూడ మనము మతిమరపు అనుకొంటాము. అసలు వినని మాటను ఎట్లు జ్ఞాపకముంచుకొనగలరు? కంటి శుక్లము తీయిస్తే తడబాటు తగ్గినవారు అనేకులున్నారు. గనుక ముందు డాక్టరు పరీక్ష, తరువాతే మన తీర్మానము.

రెండు సందర్భాలలో ఆలస్యము చేయరాదు. నిన్నటివరకు తెలివిగా ఉన్నవారు ఒకటి రెండు రోజులలో అయోమయములో పడితే, అది మూత్రములో ఇన్ఫెక్షను, ఒంటిలో నీరు తగ్గుట, సోడియము తగ్గుట వంటిది కావచ్చు. అదేరోజు ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మూతి వంకరపోయినా, ఒక చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతమని ఎంచి వెంటనే 108కి ఫోను చేయండి. మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణముగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. పొలసర వంటి ఊరినుండి బరంపురము చేరుటకే అందులో చాల సమయము పోతుంది. “తెల్లవారనీ చూద్దాము” అనే మాట ఇక్కడ పనికిరాదు.

4. సహాయము ఎంత, ఎట్లు?

గుర్తులు కనబడగానే తల్లిని సూరతుకు తీసికొనిపోవుటయే పరిష్కారమని కొందరు తలుస్తారు. పన్నెండు గంటల షిఫ్టు చేసే కొడుకు, ఒకటే గది, భాష తెలియని పొరుగు. జ్ఞాపకము తడబడే మనిషిని ఎరుగని చోట పెడితే అయోమయము పెరుగవచ్చు. కొందరికి వెళ్లుటయే మంచిది. కాని ముందు వారిని అడగండి.

చేయలేని పని ఒక్కటే మనము తీసికొని, చేయగలిగినవి వారికే విడువవలెను. మందులు మరచిపోతే ఏడు గదుల మాత్రల డబ్బా వారమునకొకసారి నింపి పెట్టండి. పడిపోతుంటే స్నానపు గదిలో పట్టుకొనుటకు కడ్డీ, రాత్రి వెలుగుటకు చిన్న బల్బు, గడపకు తెల్ల రంగు. వంట కష్టమైతే ఒక పూట క్యారియరు. పెద్దల చేతిలోనుండి అన్ని పనులు ఒకేసారి లాగివేస్తే మిగిలిన బలము కూడ పోతుంది.

ఒక ప్రశ్న మీ ఇంట్లో అందరూ కలిసి వేసికొనండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ వద్ద తీరము దాటినది. అటువంటి రాత్రి మళ్లీ వస్తే నాన్నను ఎవరు లేపి తీసికొనిపోతారు? ఒక మనిషి పేరు వెంటనే చెప్పలేకపోతే, సహాయము ఇప్పటికే తక్కువైనదని అర్థము.

వృద్ధ దంపతులున్న ఇంట ఇంకొక జాగ్రత్త. భార్య మరపును భర్త, భర్త బలహీనతను భార్య కప్పిపుచ్చుతారు. సేవ చేసేవారు ఎట్లున్నారో కూడ చూడండి.

ప్రభుత్వపు ఏర్పాట్లను కూడ ఉపయోగించుకొనండి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యము ఆయుష్మాన్ భారత్ క్రింద 2024 అక్టోబరులో ప్రారంభమైనది. ఒడిశా 2025లో ఆ పథకములో చేరినది. 14567 వృద్ధుల సహాయ ఫోను. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము ప్రకారము బిడ్డలు పోషించవలెను; బిడ్డలు లేనివారిని, వారి ఆస్తి పొందబోయే బంధువులు పోషించవలెను. చట్టము వరకు పోకుండ ఉండుట మన సాక్ష్యము.

5. దూరమున ఉన్నవారు, దగ్గర ఉన్నవారు

దూరమున ఉన్న బిడ్డలారా, “బాగున్నావా?” అని ఆగకండి. “ఈ రోజు ఏమి వండావు? ఎవరు వచ్చారు? మాత్రలు ఎన్ని మిగిలినవి? రాత్రి ఎన్నిసార్లు లేచావు?” అని అడగండి. సెలవుకు వచ్చినప్పుడు మొదటి రెండు రోజులు మాటలు తగ్గించి ఇల్లు చూడండి. డబ్బు పంపుటతోపాటు, ఇక్కడ ఎవరు వారమునకొకసారి వెళ్లి చూస్తారో మాట్లాడి ఏర్పాటు చేయండి.

దగ్గర ఉన్నవారమా, తప్పు ముందు మనది. మా సంఘములో ఇప్పుడు 70 ఏళ్లు దాటినవారి పేర్లతో ఒక హాజరు పట్టీ ఉంచాము. రెండు ఆదివారాలు గుర్తు పడకపోతే ఇద్దరు వెళ్లి చూచి వస్తారు. కొట్టతను, పాల అబ్బాయి, పక్కింటివారు చెప్పే మాటను నవ్వి వదలము.

పిన్ని ఇప్పుడు నాలుగు కాళ్ల ఊతకర్రతో నడుస్తున్నది. తమ్ముడు పంపే డబ్బుతో పక్కింటి అమ్మాయి వచ్చి వంట చేసి, మాత్రలు వేస్తుంది. బియ్యములో రాళ్లు ఏరుట, ఆకుకూర తుంచుట మాత్రము పిన్నిదే, వేరెవరినీ ముట్టనివ్వదు. నేను వెళ్లినప్పుడు “బాగానే ఉన్నానురా” అంటుంది. నేను ముందు మాత్రల డబ్బా తెరచి చూచి, తరువాత ఆమె పక్కన కూర్చుంటాను.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. బర్జిల్లయి తాను చేయలేనివి ఏవని చెప్పాడు? చేయగలిగినది ఏది?
2. మీ ఇంటి పెద్దలు నిరుడు చేసి, ఇప్పుడు మానిన మూడు పనులు వ్రాయండి. కారణము వారినే అడగండి.
3. మీ కూటమికి ఇటీవల రాని వృద్ధులు ఎవరు? ఈ వారము వారింటికి ఎవరు వెళ్తారు?
4. తుఫాను రాత్రి ప్రశ్నకు మీ ఇంటి జవాబు ఏమిటి?

మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద, పొలసర