నొప్పి లేని పుండు: చక్కెర వ్యాధిగలవారి పాదములు



చక్కెర వ్యాధి ఉండి, కాలిపుండుకు ఇంటివైద్యము చేసికొనువారు మన కుటుంబములలో అనేకులు. పసుపు, వేపాకు ముద్ద, ఆముదము, వేడి కాపడము మన పెద్దలు వాడినవే. వాటిని ఎగతాళి చేయుటకు మేము ఈ పాఠము వ్రాయుట లేదు. ఈ వ్యాధిలో అవి మనలను ఎట్లు మోసపుచ్చునో తెలిసికొందము.

1. నొప్పి మనకు కావలివాడు

రక్తములో చక్కెర చాలకాలము హెచ్చుగా ఉన్నయెడల పాదముల నరములు మొద్దుబారును, రక్తప్రసారము తగ్గవచ్చును. ముల్లు గుచ్చుకొనినను, చెప్పు కరచినను తెలియదు. 1946లో రాయవేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్‌గారు కుష్ఠు రోగులలో ఈ సంగతినే కనుగొనిరి: స్పర్శ లేని పాదము తెలియకుండ దెబ్బలు తిని పాడగుచున్నది. తరువాత అమెరికాలో చక్కెర వ్యాధిగలవారి పాదములకును ఈ పాఠమునే అన్వయించిరి. కాబట్టి “నొప్పి లేదు, ఆకుమందు పనిచేయుచున్నది” అనుకొనరాదు. నొప్పి లేకపోవుటయే ప్రమాదము.

2. మానవలసినవి

వేడి కాపడము, వేడినీళ్లలో నానబెట్టుట వద్దు. చర్మము కాలి బొబ్బలెక్కువరకు తెలియదు. ఆనెకాయలను బ్లేడుతో కోయవద్దు. ఆనెల ప్లాస్టరులోని ఆమ్లము మంచి చర్మమును కూడ తినివేయును. ఆకుముద్ద కట్టినయెడల క్రింద చీము చేరుట కనబడదు. గాయము లేకయే ఒక పాదము వేడెక్కి వాచినయెడల మర్దన చేయవద్దు. లోపల ఎముకలు విరుగుచుండవచ్చును. ఆ కాలిమీద బరువు మోపక వెంటనే డాక్టరుకు చూపవలెను.

3. ఇంటిలో చేయవలసినవి

ప్రతిరాత్రి అరికాళ్లు, వ్రేళ్ల సందులు చూచుకొనవలెను. చూపు ఆననివారికి మనుమలు చూచిపెట్టవచ్చును. గోరువెచ్చని నీళ్లతో కడిగి, సందులలో తడి లేకుండ తుడువవలెను. పగిలిన మడమలకు నూనె రాయవచ్చును గాని వ్రేళ్ల సందులలో రాయకూడదు. ఇంటిలో కూడ చెప్పులు తొడుగవలెను, తొడుగకముందు దులుపవలెను. మాత్రలుగాని ఇన్సులిన్‌గాని మన ఇష్టముచొప్పున ఆపరాదు.

4. ఆలస్యము చేయకూడని గురుతులు

పుండు, బొబ్బ, ఎరుపు, వాపు, చీము, దుర్వాసన, నలుపు, జ్వరము: వీటిలో ఏది కనబడినను ఆ దినముననే డాక్టరు యొద్దకు వెళ్లవలెను. కాలు తీసివేయవలసి వచ్చిన అనేకులకు అది చిన్న పుండుతోనే ఆరంభమగును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనకుందము.

ప్రశ్నలు

1. నొప్పి లేని పుండు ఎందుకు ఎక్కువ ప్రమాదకరము?
2. నేటి రాత్రి మన ఇంటిలో ఎవరి పాదములు చూడవలసియున్నది?