పాటల ఎల్విస్

అమెరికాలో మిసిసిపి అనే రాష్ట్రం ఉంది. పత్తి పండే నేల. అక్కడ టుపెలో అనే ఊళ్లో 1935 జనవరి 8న ఎల్విస్ ప్రెస్లీ పుట్టాడు. కవలల్లో ఇతనొక్కడే దక్కాడు. రెండు గదుల చెక్క ఇల్లు. తండ్రికి నిలకడైన పని లేదు. చెక్కు దిద్దాడని ఒకసారి జైలుకు కూడా పోయాడు.

పదకొండో పుట్టినరోజుకి తల్లి గిటారు కొనిపెట్టింది. గిటారు అంటే తీగెల వాయిద్యం.

ఆ రోజుల్లో అక్కడ తెల్లవాళ్ల బడి వేరు, నల్లవాళ్ల బడి వేరు. పాటలు మాత్రం రేడియోలో అందరికీ వినపడేవి. ఎల్విస్ తెల్లవాడు. అయినా నల్లవాళ్ల పాటలంటే చెవి కోసుకునేవాడు. పెద్దయ్యాక మెంఫిస్ పట్నంలో లారీ నడిపాడు. 1954లో మొదటి రికార్డు వచ్చింది. రెండేళ్లలో దేశమంతా ఆయన పేరే! ఆ హుషారు పాటలనే రాక్ అండ్ రోల్ అంటారు.

1977 ఆగస్టు 16న, 42 ఏళ్లకే ఆయన చనిపోయాడు. మందులు మితిమీరి వాడేవాడు. ఆయన ఇంటిని 1982లో జనం చూడటానికి తెరిచారు.

మరి ఆ మొదటి రికార్డులో పాట ఎవరిది? ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి గాయకుడిది. 1946లోనే పాడాడు. ఆయన పాటలే విని పెరిగానని ఎల్విస్ దాచకుండా చెప్పాడు. కానీ పాట మీద రావలసిన డబ్బు క్రుడప్‌కు సరిగా అందలేదు. పొలం పనులు చేసుకుంటూ బతికాడు. 1974లో పేదవాడిగానే పోయాడు.