జపాను క్రీడాకారునకు జాబు వ్రాయు విధము

మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ఇటీవల మాకొక కవరును చూపెను. జపాను దేశమున బేస్‌బాల్ ఆడు నొక ప్రసిద్ధ క్రీడాకారుని సంతకము కోరుచు వ్రాసిన జాబది. జాబు చక్కగానే యున్నది గాని కవరుపై ఆటగాని పేరు తలక్రిందులుగ నున్నది. "ఆంగ్ల పత్రికలో నిట్లే యున్నది గదా, మాస్టారూ!" అని వాడనెను. ఈ పాఠమునకు అదియే కారణము.

బేస్‌బాల్ అమెరికా నుండి జపానునకు వచ్చిన ఆట. 1872లో టోక్యోయందు ఉపాధ్యాయుడుగ నుండిన హోరేసు విల్సన్ దానిని తన శిష్యులకు నేర్పెను. బడిపంతులు చేసిన పని యని చెప్పుకొనుట మాకు కొంత గర్వముగనే యున్నది. జపానీయులు దీనిని 'యాక్యూ' అందురు. మైదానపు బంతి యని యర్థము. 1936లో వృత్తి క్రీడాకారుల పోటీలు మొదలయ్యెను. 1950 నుండి సెంట్రల్, పసిఫిక్ అను రెండు లీగులు గలవు. నేడు ఒక్కొక్క లీగున ఆరేసి జట్లు.

ఇక పేరు సంగతి. 868 హోమ్‌రన్‌లు కొట్టి 1980లో ఆట విరమించిన మహావీరుని జపానీయులు 'ఓ సదహరు' అందురు. 'ఓ' ఇంటిపేరు. ఆంగ్లేయ పద్ధతిలో నది సదహరు ఓ అయినది. 2020 జనవరి నుండి జపాను ప్రభుత్వము తన పత్రములలో రోమను లిపిలో సైతము ఇంటిపేరునే ముందుంచుచున్నది. తెలుగువారమైన మనకు ఇందు వింత యేమి? మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు హాజరుపట్టీలో మా యింటిపేరు పేరైనది, పేరు పొడి అక్షరమైనది. ఏడాది పొడవున మమ్ము మా పూర్వుల గ్రామము పేరుతోనే పిలిచిరి! సంతకము కోరుట యనగా పేరు కోరుటయే. ఆ పేరునే తప్పు వ్రాసి యడుగుట తగునా?

జాబును ఆటగాని యింటికి గాక జట్టు కార్యాలయమునకే పంపవలెను. ఆ జట్టు నియమములను ముందుగ చూచుకొనవలెను. పేరునకు పిమ్మట 'సమ' యని చేర్చుదురు. అది మన 'గారు' వంటిది. వారి మర్యాదజాబు 'హైకెయి' యని మొదలై, ఋతువును గూర్చి రెండు మాటలు పలికి, 'కెయిగు' అని ముగియును. కావున మీ యూరి యెండనో వాననో తలచుడు. పిదప ఏ ఆటలో ఏ దెబ్బ మీకు నచ్చెనో చెప్పి, ఒక్క సంతకమే కోరుడు. సులభమైన జపాను భాష మేలు, లేనిచో సులభమైన ఆంగ్లము. అక్కడ సంతకములకు 'షికిషి' యను దళసరి అట్టను వాడుదురు. అది పెద్దది, తపాలాఖర్చు హెచ్చు. చిన్న కార్డు చాలును.

తిరుగుటపాకు మీ చిరునామాగల కవరును లోపల నుంచవలెను. మన బిళ్ల జపానులో చెల్లదు. జపాను బిళ్లలే అంటింపవలెను. దానిపై మీ పేరునకు 'సమ' చేర్చుకొనరాదు. జపానీయులు తమ పేరు చెంత 'యుకి' యని వ్రాసికొందురు. జవాబిచ్చువారు దానిని కొట్టివేసి 'సమ' వ్రాయుదురు. ఎంత సొగసైన కొట్టివేత!

ఫిబ్రవరిలో ఆటగాండ్రు ఒకినావా, మియజాకి ప్రాంతముల సాధన శిబిరములందుందురు. మార్చి కడపటి నుండి పోటీలు. జవాబునకు నెలలు పట్టవచ్చును, రాకపోవచ్చును. తల్లిదండ్రులు బిళ్లల ఖర్చునకు విసుగుకొనకుందురు గాక.

మా విద్యార్థి కవరును తిరుగ వ్రాసికొని వచ్చెను. జాబు క్రింద ఇంటిపేరుతో సహా తన పేరును తెలుగున వ్రాసి, దాని క్రింద రోమను లిపిలో నుంచెను. పోయిన సోమవారము టపాలో వేసితిమి.