బందరు కోట: పాడుపడిన రేవు నేర్పు పాఠము

విజయవాడ నుండి బందరు కాలువ వెంబడి ఆగ్నేయముగా సుమారు 70 కిలోమీటర్లు పోయినచో మచిలీపట్నము చేరుదుము. జనులు దీనిని బందరు అనియే పిలుతురు. మన కళాశాలలో ఉర్దూ అభ్యసించు సోదర సోదరీమణులకు ఈ మాట క్రొత్తది కాదు. పారసీకము నుండి వచ్చిన ఈ పదమునకు రేవు అని అర్థము. పట్టణమునకు కొంత దూరమున, సముద్రపు దిక్కున, బందరు కోట కలదు. ఒకనాడు విదేశీ కంపెనీలు దీనికొరకై నెత్తురు చిందించినవి. నేడు మనకు కనిపించునవి ఒక గంట గోపురము, ఆయుధాగారపు గోడలు, వాని చుట్టును పెరిగిన చెట్టుచేమలు మాత్రమే.

ఇట్టి శిథిలములను చూచి, "యుద్ధముల వలన పాడుపడినది" అని ఒక్క మాటతో ముగించుట మనకు అలవాటు. ఆ మాట ఎంతవరకు నిజమో విచారింతము.

17వ శతాబ్దమున గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానుల రాజ్యమునకు ఇది ప్రధానమైన రేవు. ఇచ్చట డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను వర్తకమునకు దిగిరి. వారికంటె ముందే పారసీక వర్తకులు ఇచ్చట స్థిరపడియుండిరి. ఇచ్చటి నుండి ఓడలు పెగూకు, పారసీక సింధుశాఖకు, ఎర్ర సముద్రమునకు పోయెడివి. మక్కా యాత్రికులును వానిలో పయనించెడివారు. తెలుగు నేతగాండ్రు నేసిన బట్టపై అద్దకపువారు పారసీక లతలను, పూవులను చిత్రించిరి. కలంకారీ అను పేరులోని "కలం", "కారీ" అను రెండు మాటలును పారసీకములే. పెడనలో ఆ విద్య నేటికిని సజీవముగా నున్నది. రెండు భాషల కలయికకు ఇంతకంటె మంచి నిదర్శనము వేరొకటి ఏల?

ఇక యుద్ధముల సంగతి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. 1750లో బందరు ఫ్రెంచివారి చేతికి వచ్చినది. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచి సేనను ఓడించిన కర్నల్ ఫోర్డు, మరుసటి యేడు కోటను ముట్టడించెను. నైజాము సలాబత్ జంగు ఫ్రెంచివారికి సాయముగా పెద్ద సైన్యముతో వచ్చుచుండగనే, 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఫోర్డు సైనికులు కోటపైబడిరి. తెల్లవారునప్పటికి కోట ఆంగ్లేయుల వశమైనది. మే 14వ తేదీన సలాబత్ జంగు వారితో సంధి చేసికొనెను.

ఇంత జరిగినను ఊరు ఖాళీ కాలేదు. యుద్ధము యజమానిని మార్చినది, జనమును వెడలగొట్టలేదు. అయితే క్రొత్త యజమానికి చెన్నపట్నము, కలకత్తా ముఖ్యములు. వర్తకము క్రమముగా అటు మరలినది. 19వ శతాబ్దమున ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి మన మగ్గముల నోట మన్ను కొట్టినది. తీరమున నీరు లోతు లేనందున పెద్ద ఓడలు దూరముననే లంగరు వేయవలసి వచ్చెడిది. ఇట్లు క్షీణించుచున్న పట్టణముపై 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను ఉప్పెన వచ్చిపడినది. సుమారు 30,000 మంది మరణించిరని అంచనా. ఆ దెబ్బ నుండి కోట మరల కోలుకొనలేదు. కావున బందరు కోటను పాడుచేసినది యుద్ధమొక్కటియే కాదు. ఫిరంగి ఆరంభించిన పనిని వర్తకము కొనసాగించినది, సముద్రము ముగించినది.

యుద్ధమే నేరుగా ఖాళీ చేసిన సముద్రతీర నగరము ఎట్లుండునో తెలియుటకు సైప్రస్ ద్వీపమును చూడవలెను. ఫామగుస్తా నగరమున వరోషా అను పేట హోటళ్లకు, విహారమునకు పేరొందినది. 1974 జూలైలో సైప్రస్‌లో గ్రీకు సైనిక పాలకుల అండతో తిరుగుబాటు జరిగినది. తరువాత టర్కీ సేనలు దిగినవి. ఆగస్టులో ఆ సేనలు సమీపించగా వరోషాలోని గ్రీకు సైప్రియట్లు ఇండ్లు విడిచి పారిపోయిరి. కొలది దినములలో తిరిగి రావచ్చునని తలచిరి, రాలేకపోయిరి. పేట చుట్టును ముళ్లకంచె వెలసినది. ఇటు దక్షిణ భాగమునుండి టర్కిష్ సైప్రియట్లును వేలకొలదిగా ఇండ్లు వదలి ఉత్తరమునకు పోవలసివచ్చినది. కష్టము ఒక్క జాతిది కాదు. అచ్చటి నివాసులు తప్ప ఇతరులు వరోషాలో స్థిరపడుట అంగీకార్యము కాదని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1984లో తన 550వ తీర్మానమున పేర్కొన్నది. 2020 అక్టోబరులో ఆ తీరమున కొంత భాగమును సందర్శకులకు తెరచిరి.

ఈ రెండింటికిని గల భేదమును విద్యార్థులు గ్రహింపవలెను. బందరు కోట గోడలను తమ ఇల్లని చెప్పుకొనువారు నేడు లేరు. వరోషాలో ఒక శిథిలగృహము ముందు నిలుచు యాత్రికునకు, ఆ గుమ్మము తనదని చెప్పగల మనుష్యుడు ఎక్కడనో ఇంకను జీవించియుండవచ్చును. మొదటిది చరిత్ర, రెండవది తీరని వ్యాజ్యము. రెండింటిని ఒకే వేడుకగా చూచుట విద్యావంతులకు తగదు.

మనకును సమీపముననే ఒక కర్తవ్యము కలదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది మరణించిరి. దానిని కన్నులార చూచినవారు మన ఇండ్లలోనే ఉన్నారు. 1864 నాటి సామాన్యుల మాటలు మనకు దక్కినది చాల స్వల్పము. 1977 నాటి మాటలైనను జారిపోకుండ, పెద్దల నడిగి, తెలుగులోనో ఉర్దూలోనో, తేదీతో, ఊరి పేరుతో వ్రాసికొందము. బందరులో క్రొత్త ఓడరేవు నిర్మాణము 2023లో ఆరంభమైనది. ఊరి పేరు మరల సార్థకమగుగాక యని కోరుచు, పాత రేవు కథను మరువకుందుము.