సరస్సు ఒడ్డున రాకెట్లు: జనం మాట చెల్లుతుందా?

ప్రశ్న: మేం మిషిగన్‌లో ఉంటాం. సుపీరియర్ సరస్సు ఒడ్డున రాకెట్ కేంద్రం వద్దని స్థానికులు పోరాడారు. మన శ్రీహరికోట కూడా పులికాట్ సరస్సు పక్కనే ఉంది కదా! వీళ్ల భయంలో అర్థముందా?

జవాబు: ఉందండి. శ్రీహరికోటకు పడమర పులికాట్ ఉన్నా, రాకెట్లు ఎగిరేది తూర్పున బంగాళాఖాతం మీదుగా. విడిపోయిన దశలు ఉప్పునీటిలో పడతాయి. సుపీరియర్ సంగతి వేరు. విస్తీర్ణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు అది, సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. 2020లో రాకెట్ కేంద్రం కోసం ప్రతిపాదించిన గ్రానోట్ లోమా ఎస్టేటు దాని ఒడ్డునే ఉంది. దగ్గరి పట్టణం తాగేదీ ఆ నీళ్లే. ఘన ఇంధనాల్లో వాడే పెర్‌క్లోరేటు నీటిలో ఇట్టే కరుగుతుంది, థైరాయిడ్‌కు అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. ప్రయోగం విఫలమైతే కాలని ఇంధనం ఎక్కడ పడుతుందని అడగడం అభివృద్ధిని అడ్డుకోవడం కాదు. నన్నడిగితే, అడగకపోవడమే తప్పు.

జనం మాటకు బలముంది. జార్జియా రాష్ట్రంలోని కామ్డెన్ కౌంటీ రాకెట్ కేంద్రానికి 2021 డిసెంబరులో ఫెడరల్ విమానయాన నియంత్రణ సంస్థ లైసెన్సు ఇచ్చింది. అయినా 2022 మార్చిలో అక్కడి ఓటర్లు దానికి భూమి కొనుగోలునే తిరస్కరించారు. లైసెన్సుకు ముందు పర్యావరణ సమీక్ష తప్పనిసరి. అందులో అభిప్రాయాలు కోరినప్పుడు ఏ ఇంధనం, ఏ దిశ, పడవలను ఎన్ని రోజులు ఆపుతారు అని రాతపూర్వకంగా అడగండి.