నీట్ రాకపోతేనే చేపల చదువా?

ఇంటర్ బైపీసీ ఫలితాలు వచ్చాయంటే ఇల్లందు, కొత్తగూడెం వైపు తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "సార్, నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ ఎక్కడ పెట్టిస్తే బాగుంటది?" పిల్లకు ఏది ఇష్టమో కనుక్కుని వచ్చేవాళ్లు తక్కువ. బీఎఫ్ఎస్‌సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) పేరెత్తితే చాలు, మొహాలు మాడిపోతాయి. "ఇంత చదివించి చేపల పనికి పంపాలా?" అంటారు. ఆ చదువంటే చెరువులు తవ్వి రొయ్యలు పెంచడమేనన్న భ్రమ ఒకటి, డాక్టర్ సీటు రానివాళ్లకు మిగిలే ఎంగిలి విస్తరన్న చులకన ఇంకొకటి. రెండూ తప్పే.

మన దగ్గరి సంగతే చూడండి. ఆకేరు, బుగ్గవాగు మున్నేరులో కలిసేది తీర్థాల అనే ఊరి దగ్గర. అక్కడి నుంచి మున్నేరు ఖమ్మం పట్టణాన్ని ఒరుసుకుంటూ పోయి కృష్ణలో కలుస్తుంది. 2024 సెప్టెంబరు 1న ఆ నీళ్లు కాలనీలను ముంచేశాక అందరి నోటా గట్లకు రిటైనింగ్ గోడల మాటే. గోడలు కావాల్సిందే, ఇళ్లు నిలవాలి కదా. అయితే తొలకరి వరదకు చేపలు ఎదురెక్కి వచ్చి గులకరాళ్లలో, గడ్డి దుబ్బుల్లో గుడ్లు పెడతాయి. అడుగంతా సిమెంటు చేసి, దారిలో చెక్‌డ్యామ్ అడ్డం పెడితే అవి ఎక్కడికి పోవాలి? ఆ లెక్క తెలిసిన మనిషి ఇంజినీరు పక్కన ఉండాలి. ఆ మనిషిని తయారుచేసే చదువు గురించే నా తాపత్రయం.

పని ఎలా ఉంటుందో చెబుతాను. తెల్లారకముందే ఏటి దగ్గర ఉండాలి, ఎందుకంటే నీళ్లలో ఆక్సిజన్ అప్పుడే బాగా పడిపోతుంది. బుడగ పడకుండా సీసా నింపి, మాంగనీస్ సల్ఫేటు, ఆ వెనకే క్షారం కలిపిన అయొడైడు వేసి మూత బిగించి తిప్పుతారు. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగానే ఉండిపోతే ఆ నీళ్లలో ఊపిరి లేనట్టు. చేపలు బతికి సంతతి పెంచుకోవాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. కొర్రమేను కనబడింది కదా, ఏరు బాగున్నట్టే అనుకుంటే పొరపాటు. అది పైకొచ్చి గాలి పీల్చుకుని మురికిలోనూ బతుకుతుంది. రాళ్లు తిరగేసి కింద ఏ పురుగులున్నాయో చూసినవాళ్లకే అసలు సంగతి తెలుస్తుంది. చేపపిల్లల్ని తెచ్చి వదిలి ఫొటో దిగినంత మాత్రాన ఏరు బాగుపడదు.

హైదరాబాద్‌లో మూసీ నది కోసం 2017లోనే ప్రత్యేక కార్పొరేషన్ పెట్టారు. ప్రణాళిక బొమ్మల్లో బెంచీలు, దీపాలు ఘనంగా ఉంటాయి, చేప గుడ్లు పెట్టే చోటు మాత్రం వెతికినా దొరకదు. సింగపూర్‌లో బిషాన్ పార్కు పక్కనున్న 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను పగలగొట్టి, 2012 నాటికి వంకలు తిరిగే ఏరుగా మార్చారు. మన పట్టణాలూ ఇవాళో రేపో ఆ దారికి రాక తప్పదని నా నమ్మకం.

దారుల సంగతి. వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. బైపీసీ, ఈఏపీసెట్ ర్యాంకుతో నాలుగేళ్ల బీఎఫ్ఎస్‌సీ. ఆపైన ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ (సీఐఎఫ్ఈ)లో పీజీ చేయొచ్చు. నదుల మీద పరిశోధనకు బారక్‌పూర్‌లోని సీఐఎఫ్ఆర్ఐ ఉంది. ఎంపీసీ పిల్లలైతే సివిల్ ఇంజినీరింగ్ చదివి హైడ్రాలజీ వైపు వెళ్లొచ్చు. కొత్తగూడెంలో కొత్తగా ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ వచ్చింది, అందులో కోర్సులేమున్నాయో ఓసారి చూడండి. ఇంటి దగ్గరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జువాలజీ, కెమిస్ట్రీ శ్రద్ధగా చదివి మంచి పీజీకి వెళ్లడమన్నా నాకు ఇష్టమే. ఖర్చు తక్కువ, పునాది గట్టిది.

ఇక డబ్బు. లాంగ్ టర్మ్ ఒక ఏడాదితో ఆగదు. ఫీజు, హాస్టల్, ఆపైన ఇంకో ఏడాది. ఓపెన్‌కాస్టులో షిఫ్టులు చేసి దాచిన సొమ్ము, ఉన్న రెండెకరాలు అందులో కరిగిపోతాయి. సీటు రాని పిల్ల తనే నేరం చేసినట్టు తలదించుకుని ఇంటికొస్తుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మొదటి ఏడాది మార్కులు చూస్తేనే తెలిసే విషయం కోసం మూడేళ్లు పిల్లను నలపడం దేనికి?

ఇటువైపూ ఉచ్చులున్నాయి. లక్షల ఫీజుతో 'ఎన్విరాన్‌మెంట్' పేరు తగిలించిన డిగ్రీలు, ఆరు నెలల సర్టిఫికెట్‌తో ఉద్యోగం ఖాయమనే ప్రకటనలు, అప్పు చేయించి విదేశాలకు తోలే కన్సల్టెన్సీలు. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) గుర్తింపు లేని ఫిషరీస్ కాలేజీలో డొనేషన్ కట్టొద్దు. ఇందులో సర్కారు కొలువులు కొద్దే, నోటిఫికేషన్లు ఆలస్యం. మత్స్యశాఖ, కాలుష్య నియంత్రణ మండలి, మురుగుశుద్ధి కేంద్రాలు, పర్యావరణ కన్సల్టెన్సీలు, పరిశోధన ప్రాజెక్టులు, అన్నిచోట్లా తలుపు తట్టాలి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌తో పోటీపడదు. బురదలో దిగడం ఇష్టం లేని పిల్లను ఇటు తోయకండి, అదీ బలవంతమే.

ఒక్క జాగ్రత్త. బీఎఫ్ఎస్‌సీ సీట్ల కౌన్సెలింగ్‌కు జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది. పిల్లల్ని లాంగ్ టర్మ్ హాస్టల్లో చేర్చేసిన ఇళ్లలో ఆ తేదీ ఎవరికీ తెలియకుండానే దాటిపోతుంది. కోచింగ్ ఫీజు కట్టే ముందు ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ చూడండి. ఆప్షన్లు పెట్టేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి.